గయానా అక్క, ఫిజీ చెల్లెలు

పోల్చి చూడటం అనేది మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని విద్య. పుట్టింటి చారుకీ అత్తింటి చారుకీ, పెద్ద తోటికోడలి పెట్టుపోతలకీ చిన్న తోటికోడలి పెట్టుపోతలకీ తేడాలు చెప్పమంటే తెల్లవార్లూ చెప్పగలం. నా పుట్టిల్లు నల్లగొండ, మెట్టినిల్లు మహబూబ్‌నగర్. రెండూ రాళ్ళ నేలలే. రెండింటినీ ఒరుసుకుంటూ కృష్ణ పోతుంది, రెండింట్లోనూ నీళ్ళకి కరువే. అయినా ఆ జిల్లా మాట వేరు, ఈ జిల్లా మాట వేరు అని మా ఇంట్లో ఏళ్ళ తరబడి వాదన నడుస్తూనే ఉంది.

ఆ అలవాటు కొద్దీ ఈమధ్య రెండు దేశాల్ని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి దక్షిణ అమెరికాలోని గయానా. రెండోది పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ. "ఈవిడకి ఇంట్లో పనేమీ లేదు కాబోలు, ఎక్కడి దేశాలో పట్టుకొచ్చింది" అనుకోకండి. ఈ రెండింటికీ మనకీ చుట్టరికం ఉంది. మద్రాసు రేవులో ఓడలెక్కిన మనవాళ్ళు, తెలుగువాళ్ళూ అరవవాళ్ళూ కలిసి, రెండు చోట్లకీ వెళ్ళారు. అందుకే ఒకే పుట్టింటి నుంచి రెండు ఇళ్ళకి వెళ్ళిన అక్కచెల్లెళ్ళలా కనిపిస్తాయి నాకీ దేశాలు.

ముందు వాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో చెబుతాను. ఫిజీలో మూడు వందల ముప్ఫైకి పైగా దీవులున్నాయి. అన్నిటినీ కలిపి కుట్టినా నేల 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకే. 2016లో ముక్కలు కాకముందు మా పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకే! అంటే మా జిల్లాని ముక్కలు చేసి సముద్రంలో చల్లితే అదే ఫిజీ అన్నమాట. గయానా అలా కాదు. అది 2 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణకి దాదాపు రెట్టింపు. కానీ లోపలంతా అడవి. మనుషులు ఉండేది సముద్రం అంచున సన్నని పట్టీలో. జనాభా మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకటే లెక్క. చెరొక ఏడెనిమిది లక్షలు, తొమ్మిది లక్షలు. మా పాత జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 40 లక్షల మందిమి ఉన్నాం!

దూరం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మనం మధ్యాహ్నం పన్నెండుకి విస్తరి వేసే వేళకి ఫిజీలో సాయంత్రం ఆరున్నర, దీపం పెట్టే వేళ. గయానాలో తెల్లవారుజామున రెండున్నర, ఇంకా మొదటి కోడి కూడా కూయదు. మనం మధ్యలో ఉన్నాం, వాళ్ళు భూమికి చెరో వైపు ఉన్నారు.

మరి ఇంత దూరాలు మనవాళ్ళు ఎందుకు వెళ్ళినట్టు? సమాధానం మన వంటింట్లోనే ఉంది. చక్కెర డబ్బా మూత తీసి చూడండి.

ఇంగ్లండు దొరలకి టీలోకి చక్కెర కావాలి. చక్కెరకి చెరుకు తోటలు, తోటలకి కూలీలు కావాలి. గయానాలో ఆ చాకిరీ అంతా ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చేయించేవారు. 1834లో బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నేర్చుకునే పనివాళ్ళనే పేరు పెట్టి వాళ్ళని తోటల్లోనే కట్టేసి ఉంచారు. 1838 ఆగస్టు 1న ఆ కట్టూ తెగింది. తెగకముందే తోటల యజమానులు వేరే దారి వెతుక్కున్నారు. జాన్ గ్లాడ్‌స్టన్ అని ఒక పెద్ద షావుకారు, తర్వాత నాలుగుసార్లు ఇంగ్లండు ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కి తండ్రి, 1836లో కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాశాడు, మా తోటలకి కూలీలని పంపుతారా అని. సరుకు ఆర్డరు పెట్టినట్టే పెట్టాడు మనుషులకి. అలా 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడల్లో 396 మంది గయానా చేరారు.

మద్రాసు నుంచి గయానాకి ఓడలు మొదలైంది 1845లో. దాదాపు 1862 దాకా నడిచాయి. ఆ పదిహేడు పద్దెనిమిదేళ్ళలో వెళ్ళినవాళ్ళు సుమారు 15 వేల మంది. ఆ తర్వాత తోటల వాళ్ళకి కలకత్తా నుంచి వచ్చే బీహారు, అవధ్ ప్రాంతాల వాళ్ళే నచ్చారు. మద్రాసు దారి మూసుకుపోయింది.

ఇక చెల్లెలి కథ. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చింది. మొదటి గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్‌లోనూ మారిషస్‌లోనూ పనిచేసి వచ్చినవాడు. హిందూస్థానీ కూలీలతో చెరుకు ఎలా పండించవచ్చో కళ్ళారా చూసినవాడు. ఫిజీ వాళ్ళ నేల ఫిజీ వాళ్ళకే ఉండాలి, వాళ్ళ చేత తోట చాకిరీ చేయించకూడదు, చెరుకు మాత్రం పండాలి అన్నాడు. ఇక మిగిలిందెవరు? మనమే. 1879 మే 14న లియొనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి జట్టుని తీసుకొచ్చింది. మద్రాసు నుంచి 1903లో మొదలై 1916 దాకా సాగింది. ఆ పదమూడు పద్నాలుగేళ్ళలో వెళ్ళినవాళ్ళు ఎంతమందో తెలుసా? ఇక్కడా సుమారు 15 వేలే.

ఈ అంకె దగ్గరే నేను ఆగిపోయాను. అక్కకీ పదిహేను వేలు, చెల్లెలికీ పదిహేను వేలు. సారె సమంగానే పంపినట్టుంది. మరి ఒకచోట తెలుగు మాట పూర్తిగా ఆరిపోయి, ఇంకోచోట సంఘాలూ బడులూ పెట్టుకునేదాకా ఎలా నిలిచింది? గయానావాళ్ళకి భాష మీద ప్రేమ తక్కువా? ఫిజీవాళ్ళు ఎక్కువ పట్టుదల గలవాళ్ళా?

దానికి జవాబు చెప్పే ముందు వాళ్ళు వేలిముద్ర వేసిన కాగితం గురించి చెప్పాలి.

ఇంగ్లీషులో దాని పేరు అగ్రిమెంటు. నోరు తిరగక ఫిజీలో దాన్ని గిర్మిట్ అన్నారు. గిర్మిట్ మీద వచ్చినవాళ్ళు గిర్మిటియాలు అయ్యారు. అయిదేళ్ళు పని చెయ్యాలి. ఫిజీ కాగితంలో మామూలు రోజుల్లో తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు అని రాసి ఉంది. ఇచ్చిన పని పూర్తి చేస్తే మగవాడికి రోజుకి ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు, కాబట్టి మన వంతు ముప్పావు! అయిదేళ్ళయ్యాక తన ఖర్చు మీద ఇంటికి రావచ్చు. ఓడ ఛార్జీ సర్కారే పెట్టుకోవాలంటే పదేళ్ళు ఉండాలి. చదివితే బాగానే ఉన్నట్టుంటుంది. కానీ పని ఎగ్గొట్టినా, తోట వదిలి వెళ్ళినా అది కూలి తగాదా కింద రాదు, నేరం. జరిమానా, లేదంటే జైలు.

ఈ కాగితం గురించి చదువుతుంటే మాకు కొత్తగా అనిపించలేదు. మా పాలమూరుకి వలస కూలీల జిల్లా అని పేరు పడి ఎన్నో ఏళ్ళయింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అనే మాట వినబడేది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. నా పుట్టింటి జిల్లాలో లేచిన ఆ ఆనకట్టకి నా అత్తింటి జిల్లా ఆడవాళ్ళూ మగవాళ్ళూ రాళ్ళు మోశారు. వాళ్ళని తీసుకెళ్ళేవాడు గుంపు మేస్త్రి. పండగ ముందో, పెళ్ళి ముందో, కరువు ముందో చేతిలో డబ్బు పెడతాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి.

మా వీధిలో ఒక ఇల్లు కడుతున్నప్పుడు ఇటుకలు మోసే ఆమెని అడిగాను, "ఇంత ఎండలో పసిదాన్ని చెట్టు కింద వేసి ఎందుకమ్మా ఈ పని, ఇంటికి పోరాదూ" అని. ఆమె తట్ట దించకుండానే, "పైసలు ముందుగాల్నే తింటిమి గదమ్మా, ఇగ నడుమ ఎట్ల ఇడుస్తరు?" అంది. ఆమెకి గయానా పేరు తెలియదు, ఫిజీ పేరు తెలియదు. గిర్మిట్ అంటే ఏమిటో మాత్రం నాకంటే బాగా తెలుసు.

ఆ మాటకొస్తే నిజాం రాజ్యంలో ఓడ ఎక్కకుండానే ఇలాంటి బతుకు ఉండేది. అప్పు కింద దొర దగ్గర ఏళ్ళ తరబడి జీతం ఉండటాన్ని భగేలా అనేవారు. దాన్ని అదుపు చెయ్యటానికి 1936లో నిజాం సర్కారు చట్టం తేవాల్సివచ్చింది. దేశం మొత్తానికి వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఫిజీ గిర్మిట్‌లు 1920 జనవరి 1న రద్దయ్యాయి. లెక్క వేసుకుంటే వాళ్ళ కట్లు మనకంటే యాభై ఆరేళ్ళు ముందే తెగాయి, కాగితం మీద.

సరే, మళ్ళీ అక్కాచెల్లెళ్ళ దగ్గరికి వద్దాం. ఓడెక్కే ప్రతి మనిషికీ డిపోలో ఒక పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, అన్నిటికీ గళ్ళున్నాయి. ఒక్క ఇంటిపేరుకి గడి లేదు. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ఎంత ముఖ్యమో చెప్పాలా? సంబంధం మాట ఎత్తగానే మొదటి ప్రశ్న అదే కదా. అది రాసుకోవటానికి చోటు లేకపోయేసరికి, ఓడ దిగిన తర్వాత తాత పేరే మనవలకి ఇంటిపేరు అయి కూర్చుంది. గయానాలో ఈనాటికీ వీరాసామి, రామ్‌సామి అనే ఇంటిపేర్లున్నాయి. ఎవరో ఒక వీరాస్వామి మద్రాసు రేవులో తన పేరు చెప్పుకున్నాడు. నూట డెబ్భై ఏళ్ళుగా ఆయనే ఇంటిపేరు. మచ్చ ఎక్కడుందో రాసుకున్నారు, ఇంటిపేరు మాత్రం వదిలేశారు.

ఫిజీ వెళ్ళినవాళ్ళ పాసుల మీద విశాఖపట్నం, గోదావరి, కృష్ణ, ఉత్తర ఆర్కాటు లాంటి జిల్లాల పేర్లుంటాయి. అవన్నీ మద్రాసు రాజధానిలోవి. మన నల్లగొండ, పాలమూరు అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉన్నాయి. మనకి కరువు మాత్రం వాళ్ళతో పాటే వచ్చింది. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు, మైసూరు, హైదరాబాదు అని హద్దులు చూడలేదు.

ఇప్పుడు భాష సంగతి. గయానాకి 1838 నుంచి 1917 దాకా మన దేశం నుంచి చేరినవాళ్ళు మొత్తం 2 లక్షల 39 వేల మంది. అందులో మద్రాసు వాళ్ళు 15 వేలు. నూటికి ఆరుగురు! అందులో తెలుగువాళ్ళెందరు, అరవవాళ్ళెందరు? అందరినీ కలిపి మద్రాసీలు అన్నారు, అక్కడితో సరి. పైగా ఆ దారి 1862 ప్రాంతంలోనే మూసుకుపోయింది. కొత్తగా పుట్టింటి నుంచి వచ్చి నాలుగు మాటలు మాట్లాడే మనిషి లేడు. ఫిజీకి వెళ్ళినవాళ్ళు మొత్తం 61 వేల మంది. అందులో ఆ 15 వేలంటే నూటికి పాతిక మంది. నలుగురిలో ఒకరు. పైగా ఈమధ్య వెళ్ళినవాళ్ళు. తెలుగులో జోలపాట విని పెరిగినవాళ్ళు తమ మనవలని ఎత్తుకునేదాకా అక్కడ బతికే ఉన్నారు.

నూటికి ఆరుగురు ఉన్న ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది చెప్పండి? ఒక్క పప్పు గింజ నీళ్ళ బిందెలో పడితే పప్పుచారు అవుతుందా?

ఇంకో కారణం ఉంది, అది మనకి చెందినది. తోటలకి కావలసింది చేతులు, కుటుంబాలు కాదు. అందుకని మగవాళ్ళనే ఎక్కించుకునేవారు. తర్వాత సర్కారు ఒక నిబంధన పెట్టింది, వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళైనా ఓడలో ఉండాలని. ఫిజీ ఓడలన్నిటికీ మొదటి నుంచీ ఆ నిబంధన ఉంది. మద్రాసు నుంచి గయానాకి ఓడలు నడిచిన తొలి రోజుల్లో అదీ గట్టిగా లేదు. మాతృభాష అంటాం, అమ్మ భాష అంటాం. అమ్మే లేని చోట దాన్ని బిడ్డకి చెప్పేదెవరు? తెలుగు తండ్రి, భోజ్‌పురీ తల్లి అయితే బిడ్డకి తల్లి మాటే వచ్చేది. తర్వాత ఆ భోజ్‌పురీ కూడా గయానాలో నిలవలేదు. ఇప్పుడక్కడ అందరికీ ఇంగ్లీషు, ఇంగ్లీషులోంచి పుట్టిన క్రియోలీ మాటే ఇంటి భాష.

అయితే గయానా అక్క పుట్టింటిని పూర్తిగా మరిచిపోయిందనుకుంటే పొరపాటు. మాట పోయింది, అమ్మవారు మిగిలింది. మద్రాసీల గుళ్ళలో కాళీమాయికి, మారియమ్మకి నేటికీ కొలువు జరుగుతుంది. అక్కడ వాయించే వాద్యం పేరు తప్పు. మన తప్పెటకీ డప్పుకీ తోడబుట్టినదే. డప్పు మోగుతుంది, వేపమండలు ఊగుతాయి, అమ్మవారు ఒకరి మీదికి వస్తుంది. మన బోనాల నాడు ఎల్లమ్మ గుడి ముందు నిలబడినవాళ్ళకి ఆ దృశ్యం వివరించి చెప్పక్కర్లేదు. రాత లేకపోయినా, బడి లేకపోయినా, అర్థం తెలియకపోయినా చేతులు నేర్చుకున్న దరువు తరం నుంచి తరానికి వచ్చేసింది.

ఫిజీ చెల్లెలు సంఘాలు పెట్టింది. గిర్మిట్ మీద వచ్చిన సాధు కుప్పుస్వామి 1926లో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం స్థాపించారు. దక్షిణాది వాళ్ళందరికీ కలిపి గుళ్ళూ బడులూ ఆ సంస్థ నడిపింది. అందులో అరవం పాలు ఎక్కువైందనిపించి తెలుగువాళ్ళు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని వేరు కుంపటి పెట్టుకున్నారు. నవ్వొస్తోందా? నాకూ వచ్చింది. మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది 1953 అక్టోబరు 1న. ఫిజీలో మనవాళ్ళు పన్నెండేళ్ళు ముందే ఆ పని చేసేశారు! అయితే అక్కడా తోట సర్దారుల ఆజ్ఞలన్నీ హిందూస్థానీలోనే. బతకాలంటే అది నేర్చుకోక తప్పలేదు. ఇప్పటి పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీయే. తెలుగు అక్కడా పెద్దవాళ్ళ నోటా, పూజల్లో, సంఘం మీటింగుల్లో ఉంది. కాకపోతే ఆరిపోయే దీపానికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు అక్కడ ఉన్నారు. గయానాలో ఆ చెయ్యి పెట్టేందుకు మనుషులు చాలలేదు.

రెండు చోట్లా ఆడవాళ్ళు పడ్డ బాధ వేరే చెప్పాలి. ఫిజీలో గోరఖ్‌పూర్ జిల్లా నుంచి వచ్చిన కుంతి అనే కూలీని అరటి తోటలో ఒంటరిగా పనికి పెట్టారు. తోట దొర మీద పడబోతే తప్పించుకుని పరుగెత్తి నదిలో దూకింది. దగ్గరలో పడవలో ఉన్న ఒక కుర్రవాడు బయటికి లాగాడు. ఆమె కథ మన దేశంలో హిందీ పత్రికలో అచ్చయ్యాక ఊళ్ళు అట్టుడికిపోయాయి. మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు 1917 జనవరిలో అలహాబాదు సభలో ఈ కూలీ పద్ధతిని దుయ్యబట్టారు. ఆమె పుట్టింది 1879 ఫిబ్రవరి 13న. ఫిజీకి మొదటి ఓడ చేరిన ఏడాదే. అదే 1917లో స్త్రీల బృందం ఒకటి వైస్రాయిని కలిసి ఇది ఆపమని అడిగింది. ఆ సంవత్సరమే కూలీల ఓడలు ఆగిపోయాయి. రాజకీయాలు ఆడవాళ్ళకెందుకు అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

గయానాలో కూలి కట్టు పోయినా చెరుకు తోట పోలేదు. 1964లో తోట కూలీల సమ్మె నడుస్తుండగా లియొనోరా తోటలో కౌసిల్ల అనే కూలీ తోటివాళ్ళతో కలిసి దారికి అడ్డంగా కూర్చుంది. వాళ్ళ మీదికి ట్రాక్టరు నడిపారు. మార్చి 6న ఆమె చనిపోయింది. కౌసల్యే అక్కడ కౌసిల్ల అయింది. కుంతి, కౌసల్య. మన పురాణాల్లో ఇద్దరూ రాజమాతలు.

కాపురం కుదుటపడ్డాక అక్కాచెల్లెళ్ళ దారులు వేరయ్యాయి. గయానాలో తిరుగు ఛార్జీ వదులుకున్నవాళ్ళకి కొన్ని చోట్ల భూమి ఇచ్చారు. అక్కడి తీరం సముద్రమట్టం కంటే పల్లం. డచ్చివాళ్ళ కాలం నుంచి గోడలు కట్టి, తూములు పెట్టి నీటిని కాచుకుంటారు. ఆ బురదలో మనవాళ్ళు వరి వేశారు. చెరుకు కోసం తెచ్చినవాళ్ళు ఆ దేశానికి అన్నం పెట్టారు. ఫిజీలో నేలలో నూటికి ఎనభైకి పైగా అక్కడి ఆదివాసులదే. కొనటానికి లేదు, కౌలుకి తీసుకోవటమే. ఎన్ని తరాలు దున్నినా నేల మాత్రం పరాయిదే. 1976 చట్టంతో కౌలు ముప్ఫై ఏళ్ళకి పెరిగింది కానీ, 1997 నుంచి ఆ గడువులు తీరిపోతుంటే చాలామంది ఇల్లూ చెరుకూ వదిలి పట్నాల బయట పాకల్లో చేరారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కట్టుబాటు వల్లే ఫిజీ వాళ్ళ చేతిలో వాళ్ళ నేల మిగిలింది. ఒకరి రక్ష ఇంకొకరికి శిక్ష అయింది, తప్పు ఇద్దరిదీ కాదు.

గయానాకి 1966లో, ఫిజీకి 1970లో స్వతంత్రం వచ్చింది. రెండు చోట్లా దొరలు పోతూ పోతూ రెండు జాతుల్ని ఎదురెదురు నిలబెట్టి పోయారు. గయానాలో 1953లో అందరూ ఓటేసి చెద్దీ జగన్‌ని గెలిపిస్తే బ్రిటిష్ వాళ్ళు 133 రోజులకే ఆ ప్రభుత్వాన్ని దించేశారు. ఆయన దేశాధ్యక్షుడయ్యేసరికి 1992 వచ్చింది. ఫిజీలో 1987లో హిందూస్థానీల మద్దతుతో గెలిచిన ప్రభుత్వాన్ని రబూకా అనే సైనికాధికారి తుపాకీతో దించేశాడు. ఏ రోజున? మే 14న. లియొనిడాస్ వచ్చిన రోజే. 2000లో మహేంద్ర చౌదరి అనే హిందూస్థానీ ప్రధానిని 56 రోజులు బందీగా పెట్టారు. ఇక ఉండలేక వేలమంది ఆస్ట్రేలియాకీ న్యూజిలాండ్‌కీ వెళ్ళిపోయారు. గయానావాళ్ళు న్యూయార్కుకీ టొరంటోకీ వెళ్ళారు. ఒకప్పుడు రెండు దేశాల్లోనూ సగం దాకా ఉన్న మనవాళ్ళు ఇప్పుడు నూటికి నలభై లోపే. 2023 మేలో ఫిజీలో మొదటిసారి గిర్మిట్ దినానికి సెలవు ఇచ్చారు. మళ్ళీ ప్రధాని అయిన అదే రబూకా ఆ సందర్భంలో 1987 నాటి పనికి క్షమాపణ చెప్పాడు. గయానాలో మే 5 సెలవు దినం. రెండు పండగలూ మన రోహిణి కార్తెకి కాస్త ముందే వస్తాయి.

ఇంత పోల్చి చూశాక నాకు తోచింది ఒకటే. "వాళ్ళు భాష మరిచిపోయారు" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. మరవలేదు, నిలుపుకోవటానికి చాలినంత మందిని, చాలినంత మంది అమ్మల్ని ఆ కాగితం వాళ్ళతో పంపలేదు. పదిహేను వేల మందికీ ప్రేమ ఒకటే. నూటికి ఆరుగురికీ నూటికి పాతిక మందికీ ఉన్న తేడాయే ఇదంతా.

ఇటుకలు మోసే ఆమె కూతురు చెట్టు కింద ఆడుకుంటూ మరాఠీలో లెక్కలు పెడుతుంటే విన్నాను. అంతకుముందు పని పూనాలోనట. తర్వాత ఎక్కడికో మేస్త్రికి తెలియాలి. ఆ పిల్ల ఏ బడిలో, ఏ భాషలో అక్షరాలు దిద్దాలో ఎవరూ రాసిపెట్టలేదు. పాసు కాగితంలో గడి లేనట్టే. మీ వీధిలోనూ ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉండి ఉంటుంది. ఆ పిల్లల్ని పలకరించినప్పుడు పేరు అడిగి ఊరుకోకండి. ఊరు అడగండి, ఇంటిపేరు కూడా అడగండి. బడి ఎంత దూరమో వాళ్ళ అమ్మకి చెప్పండి.